మా పీతలంకను కనిపెట్టారండోయ్

మా పీతలంక గోదావరి పాయల నడుమ ఎప్పటినుంచి ఉందో నాకు తెలియదు. మా తాత చెప్పినదాన్ని బట్టి, భూమి పుట్టి చల్లారుతున్నప్పుడు మొట్టమొదట గట్టిపడింది మా లంకేనట. దాన్ని చూసి నేర్చుకుని తక్కిన దేశమంతా గట్టిపడిందట. మా తాత రేవులో పడవ నడిపేవాడు. మా నాన్నా అంతే, నేనూ అంతే. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ముప్పావు గంట ప్రయాణం. ఆ ముప్పావు గంటా నిజాలే చెప్పాలంటే వారం తిరక్కుండా సరుకు అయిపోతుంది. అందుచేత మా ఓలేటివారి వంశంలో కోతలు కొయ్యడం తప్పులోకి రాదు, తెడ్డు వెయ్యడంలాగే అదీ పనిలో భాగం.

ఆ సంగతి పక్కన పెడితే, లంక అంటూ ఒకటి ఉందన్న విషయంలో మాత్రం మాకెవరికీ ఏనాడూ అనుమానం రాలేదు. అనుమానం గవర్నమెంటువారికి వచ్చింది, కిందటి శ్రావణమాసంలో.

మండలం ఆఫీసు నుంచి ఇంటింటికీ ఒక కాగితం వచ్చింది. "విషయము: బాల్యదశయందు ప్రాచీన అన్వేషకుల గూర్చి గృహమునందే బోధించుట, తదనంతరము బాలబాలికలచే స్వయముగా అన్వేషణ జరిపించుట గురించి." నేను అప్పట్లో మా ఊళ్లో ఉండిన వీధిబడిలో అయిదో తరగతిదాకా చదివినవాణ్ణి కనుక, మూడుసార్లు చదివి అర్థం చేసుకున్నాను. పూర్వం మన దేశాన్ని ఎక్కడెక్కడివాళ్లో ఓడలేసుకుని వచ్చి కనిపెట్టవలసి వచ్చిందంటే, అది అప్పటి మన పిల్లల నిర్లక్ష్యమేనని పైవారు తేల్చారు. అలాంటి అప్రతిష్ఠ మళ్లీ రాకుండా, అయిదేళ్ల నుంచి ఎనిమిదేళ్లలోపు పిల్లలందరికీ ఇంట్లోని ముసలివాళ్లు అన్వేషకుల చరిత్ర చెప్పాలి. ఆపైన ఒక్కో పిల్లా పిల్లాడూ ఒక్కో చోటు కనిపెట్టి, మండల అన్వేషణాధికారిగారి దగ్గర ధ్రువపత్రం పుచ్చుకోవాలి. అది లేనివాళ్లకు మూడో తరగతిలో ప్రవేశం లేదు.

మా మనవరాలు యామిని అప్పుడు రెండో తరగతి. మా లంకలో బడి రెండుదాకానే. మూడో తరగతి చదవాలంటే ఏరు దాటి కొత్తరేవు వెళ్లాలి. ఆ బడికి మేడ ఉంది, మేడకు మెట్లున్నాయి. మా లంకలో వరద భయానికి అన్నీ తాటాకు ఇళ్లు, పెంకుటిళ్లు. మెట్లన్నవి యామిని పుస్తకంలో బొమ్మగా చూసిందే తప్ప, పుట్టాక ఒక్కసారీ ఎక్కి ఎరగదు. ఆ మెట్లెక్కి చదువుకోవడం కోసం అది రోజులు లెక్కపెట్టుకుంటోంది.

కాబట్టి ఆ సాయంత్రమే నేను పీట మీద కూర్చుని పాఠం మొదలుపెట్టాను. నా భార్య నూకాలు పొయ్యి దగ్గర చేపలు తోముతోంది.

"వాస్కో డ గామా అని ఒకాయన బోల్డు దూరం నుంచి సముద్రం మీద వచ్చాడమ్మా. దారిలో గాలి ఆగిపోతే, ఓడలో ఉన్నోళ్లందరికీ ముక్కుపొడుం పంచేవాడు. అంతా ఒకేసారి తుమ్మేవారు. తెరచాప నిండేది."

"నిజంగానా తాతా?"

"మొదటి మాట నిజం. తుమ్ములు నావి."

"మరి ఆయన ఏం కనిపెట్టాడు?"

"మన దేశానికి దారి."

"అప్పటికే ఇక్కడ మనుషులున్నారు కదా?"

"ఎందుకు లేరూ? లక్షల మంది."

"మరి వాళ్లు కనిపెట్టలేదా?"

"ఉండే పనిలో పడి, కనిపెట్టడం మర్చిపోయారమ్మా."

"కొలంబస్సో?"

"ఆయన మన దేశానికనే బయల్దేరి, వేరే చోట తేలాడు. అక్కడ దిగి ఇదే ఇండియా అన్నాడు."

"అక్కడోళ్లు కాదని చెప్పలేదా?"

"చెప్పే ఉంటారు. ఆళ్ల మాట ఎవడింటాడు? ఆళ్లు ఉన్నోళ్లు, ఈయన వచ్చినోడు."

నూకాలు చేప మీద నుంచి తల ఎత్తింది. "కొత్తల్లుడికీ అత్తారింట్లో అంతే. వచ్చినోడి మాటే చెల్లుద్ది" అని, తోమడంలో పడింది.

మర్నాడే యామిని అన్వేషణకు బయల్దేరింది. మా లంక తోక దగ్గర, వరద తీసిన తర్వాత, కొత్తగా ఇసక తిప్ప ఒకటి తేలింది. మోకాటిలోతు నీళ్లలో నడుచుకుంటూ పోయి దాని మీద మొదట కాలుపెట్టింది మా పిల్లే. కొంగలు తప్ప సాక్షులు లేరు. దానికి "యామిని తిప్ప" అని పేరు పెట్టి, దరఖాస్తు రాసి, నిబంధన ప్రకారం ఆశ్చర్యంతో నోరు తెరిచిన ఫొటోలు మూడు అంటించి పంపాము. ఫొటోలో నోరు తెరవకపోతే అది అన్వేషణ కిందికి రాదు, షికారు కిందికి వస్తుందట.

పదిరోజులకు జవాబు వచ్చింది.

"దరఖాస్తుదారు సదరు లంకయందే జన్మించి, సదరు లంకయందే నివసించుచు, సదరు పరిసరముల గూర్చి పూర్వజ్ఞానము కలిగియున్నందున, ఆమెను స్థానికురాలిగా పరిగణించడమైనది. స్థానికులు కనుగొనబడుదురే గాని, కనుగొనరు. ఇట్లు, అంబరీషరావు, మండల అన్వేషణాధికారి."

"అంటే ఏంటంట?" అంది నూకాలు.

"మనం ఉన్నచోటు మనం కనిపెట్టకూడదంట. నీళ్లు దాటి, ఎరగనోడు రావాలంట."

"ఏడిసినట్టుంది. ఎరగనోడు దారి తప్పుతాడు గాని, ఏం కనిపెడతాడు?"

ఎరగనోడు ఆ ఆదివారమే వచ్చాడు. పేరు దక్షిత్. కొత్తరేవు కుర్రాడు, ఆరున్నరేళ్లు. నల్లకళ్లద్దాలు, నీళ్లలో తేలడానికి గాలి ఊదిన చొక్కా, మెడలో దిక్సూచి. వెనకాల వాళ్లమ్మ, ఆవిడ చేతిలో ఫైలు. రేవులో నా పడవ ఎక్కి, "ఈ పక్కన కనిపెట్టని లంక ఏదైనా ఉందా అండీ?" అనడిగింది.

నా తప్పు అక్కడ మొదలైంది. పడవ నడిపేవాడు ఎదర కొత్తమనిషి కూర్చుంటే ఊరుకోవాలి. ఊరుకున్న ఓలేటివాడు ఇప్పటిదాకా పుట్టలేదు.

"ఉందమ్మా. పీతలంక. అయితే కాస్త జాగ్రత్త" అన్నాను.

"ఏం, క్రూరమృగాలా?" అన్నాడు దక్షిత్.

"పీతలు, బాబూ. ఒక్కోటీ ఎద్దంత. మావాళ్లు సవారీ చేత్తారు వాటిమీద. అడ్డంగా నడుత్తాయి గదా, అందుకని ఉత్తరాన పనుంటే తూర్పుకి తిరిగి కూచుంటాం."

వాళ్లమ్మ కలం తీసి రాయడం మొదలుపెట్టింది. నేను అప్పుడైనా ఆగవలసింది. కాని జీవితంలో నా కోతలు ఎవరైనా రాసుకోవడం అదే మొదటిసారి. పొంగిపోయాను.

"మరి అక్కడి పిల్లలేం చదువుతారండీ?"

"రెండో తరగతిదాకా చదువుతారమ్మా. తర్వాత వాళ్లకి మెడ పక్కన మొప్పలొచ్చేత్తాయి. మూడో తరగతి పుస్తకం చూపిస్తే చాలు, ఏట్లోకి దూకేత్తారు."

"వావ్" అని దక్షిత్ నోరు తెరిచాడు.

"ఇప్పుడు కాదు నాన్నా, దిగాక తెరువు" అంది వాళ్లమ్మ.

దిగాక జెండా పాతారు. నూకాలు ఉప్పుచేపలు ఎండబెట్టుకున్న చాప మధ్యలో పాతారు. వాళ్లమ్మ సెల్లు పట్టుకుని, "ఇంకా తెరువు నాన్నా, కొండనాలుక కనబడాలి" అంటోంది. నూకాలు పరుగెత్తుకొచ్చి, "అయ్యో, బాబుకి గొంతులో ముల్లు గుచ్చుకుందా? అన్నం ముద్ద మింగించండమ్మా" అంది.

"మీరు స్థానికులా?" అనడిగాడు దక్షిత్.

"కాదు నాయనా, మేం ఓలేటోళ్లం" అంది నూకాలు.

రెండు వారాలు తిరిగేసరికి మా రేవులో ఇనపబోర్డు వెలిసింది: "దక్షిత్‌పురం. కనుగొనబడినది." కింద తేదీ, ఆ ఆదివారానిది. దాని లెక్కన మా ఊరి వయసు పదిహేను రోజులు. నాకు డెబ్భై నాలుగేళ్లు. ఊరు పుట్టకముందే అందులో డెబ్భై నాలుగేళ్లు ఎలా కాపరం ఉన్నానో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

బోర్డుతో అయిపోతే బాగుండేది. అన్వేషకుని నివేదిక ఆధారంగా అన్ని శాఖలూ కదలాలని నిబంధన. ముందు పశువుల ఆసుపత్రి నుంచి ఒక కుర్రాడు సంచీ నిండా పచ్చబిళ్లలు తెచ్చాడు. సవారీ జంతువులన్నిటికీ చెవికి బిళ్ల వెయ్యాలట.

"తాతగారూ, పీతలేవండీ?"

బుట్టలోంచి ఒకదాన్ని తీసి చూపించాను. అది నా అరచేయంత ఉంది.

"ఇది పిల్లా అండీ?"

"ముసలిదండి."

"చెవి ఎక్కడుంటదండీ దీనికి?"

"ఆ డెక్క పక్కనే చూడండి" అన్నాను. చూశాడు పాపం. అతని చూపుడువేలికి కట్టు కట్టి పంపించాము. వెళ్తూ వెళ్తూ రిజిస్టరులో "పశువు సహకరించలేదు" అని రాసుకున్నాడు.

తర్వాత వంతెన. ముప్పయ్యేళ్లుగా మేము అడుగుతున్న కాలివంతెన ఆ ఏడే ఖాయమైంది. ఉత్తరం వచ్చింది: "స్థానికులు పీతలపై రాకపోకలు సాగించుచున్నందున, వంతెన ప్రతిపాదన ఉపసంహరించడమైనది. బదులుగా పీతలు నీరు త్రాగుటకు సిమెంటు తొట్టె మంజూరు చేయడమైనది." గోదారి మధ్యలో ఉన్న లంకకి నీళ్లతొట్టె. కట్టారు కూడా.

ఇవన్నీ చూసి నేను లోలోపల నవ్వుకుంటూనే ఉన్నాను, ఇంకో ఉత్తరం వచ్చేదాకా.

"దక్షిత్‌పురం బాలబాలికలకు ద్వితీయ తరగతి అనంతరము మొప్పలు వెలువడుచున్నందున, వారిని తృతీయ తరగతి నుండి శాశ్వతముగా మినహాయించడమైనది. వారి జలజీవితము సుఖప్రదము కావలెనని ఈ కార్యాలయము ఆకాంక్షించుచున్నది."

నూకాలు నా వంక చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉంది. "నీ నోరు పడ! పిల్లని ముంచేశావు గదయ్యా! పీతల గురించి వాగితే వాగావు, ఆ మొప్పలెందుకు మొలిపించావయ్యా?"

యామిని ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. మెడ పక్కన వేళ్లతో తడిమి చూసుకుని, "నాకేం రాలేదు తాతా. వచ్చేలోపు ఆ మెట్లు ఒక్కసారి ఎక్కి వచ్చేద్దామా?" అంది.

అంత బతుకూ బతికి, ఆ ఒక్క మాటకి నేను తలెత్తలేకపోయాను. మర్నాడు తెల్లారగట్లే చొక్కా తొడుక్కుని, పిల్లని పడవెక్కించుకుని, ఏరు దాటి మండలం ఆఫీసుకి వెళ్లాను, నిజం చెప్పడానికి. ఆ వస్తువు వాడి చాలాకాలమైంది, చేతికి ఎలా వస్తుందో అని భయంగానే ఉంది.

వరండాలో ఎప్పటిలాగే ముప్పై నలభై మంది కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. గవరయ్య అనే బంట్రోతు మా లంకవాళ్లకి దూరపు చుట్టం. "పోలయ్య బావా! రా రా, నీ మొప్పలు ఆఫీసంతా మోగిపోతున్నాయి" అంటూ లోపలికి తీసుకెళ్లాడు.

అంబరీషరావుగారు కుర్చీలో నిండుగా ఉన్నారు. వెనక గోడ మీద పెద్ద బోర్డు. లక్ష్యం: నాలుగువందల పన్నెండు అన్వేషణలు. సాధించినది: నాలుగువందల పదకొండు. దాని కింద కనిపెట్టిన ఊళ్లు, చెరువులు, గట్లు, చింతతోపులు, ఆఖరికి బస్టాండు వెనక గుంట, అన్నీ వరసగా, పక్కన కనిపెట్టిన పిల్లల పేర్లు.

"అయ్యా, ఆ మొప్పల సంగతి అబద్ధమండి" అన్నాను.

"అన్వేషకుని నివేదికపై స్థానికుల అభ్యంతరములు స్వీకరించబడవు."

"అభ్యంతరం కాదండీ, ఆ అబద్ధం చెప్పింది నేనేనండి."

ఆయన మొహం విప్పారింది. "అయితే నివేదికకు మూలాధారము మీరేనన్నమాట! చాలా సంతోషము. అన్వేషకుడు స్థానికులతో సంభాషించినట్లు ఇప్పుడు రుజువైనది. నివేదిక మరింత బలపడినది."

"పోనీ పిల్ల మెడ చూడండి సార్!"

"నేను చూడరాదు. చూచినచో అది పునరన్వేషణ అగును. కనుగొన్న దానిని మరల కనుగొనుటకు నిబంధన అనుమతించదు." ఆయన గొంతు తగ్గించారు. "పోలయ్యగారూ, నాకు మాత్రము బాధ లేదా? రేపు జిల్లాలో సన్మానము. నూటికి నూరుపాళ్లు సాధించిన మండలానికే శాలువా. ఒక్కటి తగ్గినది. మండలమంతా గాలించితిమి. కనుగొనని చోటు అంగుళము మిగలలేదు."

యామిని అప్పటికి గోడ దగ్గర నిలబడి, వేలు పెట్టి బోర్డంతా చదువుతోంది. దాని చదువు నిదానం. ఒక్కో పేరూ పెదాలతో పలుక్కుంటూ అడుగుదాకా వెళ్లింది. మళ్లీ పైనుంచి ఒకసారి వచ్చింది. తర్వాత ఇటు తిరిగింది.

"ఏమండీ, ఇందులో మీ ఆఫీసు లేదండి."

అంబరీషరావుగారు కుర్చీలోనే వెనక్కి తిరిగి బోర్డు వంక చూశారు.

"కార్యాలయము... కార్యాలయమును కనుగొననవసరము లేదు పాపా. ఇది అందరికీ తెలిసినదే."

"తెలిసినోళ్లంతా ఇక్కడోళ్లే గదండి సార్" అన్నాడు గవరయ్య, చాలా వినయంగా.

"మీరు ఎన్నాళ్లనుంచి ఇక్కడున్నారండీ?" అనడిగింది యామిని.

"ఇరువది రెండు సంవత్సరములు."

"అయితే మీరు స్థానికులండి. నేను ఇవాళే వచ్చాను. నీళ్లు దాటి వచ్చాను. ఇది ఇక్కడుంటదని నాకు తెలీదు." అని, తెరవగలిగినంత నోరు తెరిచింది. గవరయ్య అప్పటికే సెల్లు తీసి మూడు ఫొటోలు కొట్టేశాడు.

అంబరీషరావుగారు నిబంధనల పుస్తకం తెరిచారు. ఒక పుట తిప్పారు, రెండు తిప్పారు. ఆయన చూపు ఒకసారి పుస్తకం మీదికి, ఒకసారి బోర్డు మీది నాలుగువందల పదకొండు మీదికి పోయి వచ్చింది. శాలువా ఎంత బరువుంటుందో నేను ఎరగను గాని, ఆ పూట త్రాసులో అటే మొగ్గింది.

"కానివ్వండి" అన్నారు.

యామిని జడరిబ్బను విప్పి, ఆయన కలాలు పెట్టుకునే గ్లాసులో పాతింది. ఆ చోటికి "కుర్చీలంక" అని పేరు పెట్టింది. గుమ్మం దగ్గర కింద కూర్చుని, రెండుగీతల పుస్తకంలో పెన్సిలుతో నివేదిక రాసింది. రాయడానికి గంట పట్టింది. గవరయ్య అందరికీ వినబడేలా చదివాడు.

"నేను పడవ మీద వచ్చి కుర్చీలంక కనిపెట్టాను. ఇక్కడ రెండు జాతులు ఉన్నాయి. ఒక జాతికి కుర్చీలు ఉంటాయి. వాళ్లు లేవరు. ఇంకో జాతి వరండాలో ఉంటుంది. వాళ్లకి కుర్చీలు రావు. కుర్చీ జాతి టీ తాగి బతుకుతుంది. వాళ్ల మాటలు మన మాటల్లాగే ఉంటాయి గాని అర్థం కావు. వాళ్లకి కాగితాలంటే ఇష్టం, కట్టలు కట్టి దాచుకుంటారు. వాళ్లు చాలా మంచివాళ్లు. ఎవరు ఏ కాగితం ఇచ్చినా వెంటనే సంతకం పెట్టేస్తారు."

అంబరీషరావుగారు కుర్చీలోంచి అరడుగు లేచారు. "ఆ ఆఖరి వాక్యము పూర్తిగా వాస్తవవిరుద్ధము! దీనిపై నాకు తీవ్రమైన అభ్యంతరము..."

"స్థానికుల అభ్యంతరాలు స్వీకరించబడవండి" అన్నాడు గవరయ్య.

ఆయన కూర్చుండిపోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ ఆఖరి వాక్యం నేను చెప్పి రాయించానని ఆ చుట్టుపక్కల అందరూ అనుకుంటారు. ఒట్టు, నేను చెప్పలేదు. నేనెన్ని కోతలు కోసినా ఎద్దంత పీతదాకానే వెళ్లగలను. అంత పెద్ద అబద్ధం నా తరం కాదు.

నివేదిక మీద ముద్ర పడింది. బోర్డు మీద నాలుగువందల పన్నెండు పడింది. నివేదిక అమల్లోకి వచ్చింది గనక, అంబరీషరావుగారు కలం తీశారు. మొదటి సంతకం యామిని ధ్రువపత్రం మీద. రెండోది, మూడో తరగతి ప్రవేశం మీద. మూడోది, పీతలు సవారీకి పనికిరావు కనుక వంతెన కట్టవలసిందేనన్న కాగితం మీద. నాలుగోది, రేవులో బోర్డు పీకేసి పీతలంక అని రాయమన్న దాని మీద. మొదట్లో ఒక్కో కాగితమూ రెండేసిసార్లు చదివి పెట్టారు, తర్వాతర్వాత అలవాటైంది.

మాట వరండాలోకి పాకింది. గుమ్మంలో తోపులాట మొదలైంది. పదకొండేళ్లుగా పొలం హద్దుల కోసం తిరుగుతున్న ముసలాయన, చచ్చిపోయినట్టు రాసేస్తే బతికున్నానని రాయించుకోడానికి వస్తున్న ముసలమ్మ, కరెంటు స్తంభం కోసం వచ్చినవాళ్లు, ఎందుకొచ్చారో వాళ్లే మర్చిపోయినవాళ్లు, అందరూ వరసలో నిలబడ్డారు. ఆయన పెడుతూనే ఉన్నారు. గవరయ్య ముద్ర కొడుతూనే ఉన్నాడు. యామిని పక్కన నిలబడి, తన స్థానికులు నివేదికలో ఉన్నట్టే చేస్తున్నారో లేదో చూసుకుంటోంది. ముసలమ్మ తనిక బతికున్నట్టే లెక్క అని కళ్లు తుడుచుకుని, యామిని తల నిమిరి వెళ్లింది.

ఆఖరి కాగితం అయ్యేసరికి ఎండ గోడ దిగిపోయింది. అంబరీషరావుగారు కలానికి మూత పెట్టి, వేళ్లు విరుచుకుని, గడియారం వంక చూసి, యామిని వంక చూశారు.

"అమ్మాయీ," అన్నారు, పుస్తకాల భాష ఎక్కడ జారిపోయిందో గాని, మామూలు మనిషిలాగే, "అయిదున్నరైంది. ఇంక నేను ఇంటికి వెళ్లొచ్చామ్మా?"

యామిని రెండుగీతల పుస్తకం తెరిచి, వేలు పెట్టి మొదటినుంచి చివరిదాకా చదివి, మూసింది.

"మీకు ఇళ్లుంటాయని ఇందులో లేదండీ. ఇక్కడే ఉండండి. రేపొచ్చి కనిపెడతాను."